వెనక కూర్చునే మనిషి

మా పంపు మేస్త్రి గారు పోయారు. నెలా పదిహేను రోజులైంది. ఆ కబురు అందరికీ చెప్పింది నేనే. ఆయన ఫోనులో ఉన్న నంబర్లకి వరసపెట్టి చేశాను. నక్కపల్లి నుంచి, ఎస్. రాయవరం నుంచి, బుచ్చయ్యపేట నుంచి ఆయన దగ్గరికి బళ్ళు తెచ్చినవాళ్ళందరూ ఒకటే అడిగారు, ఎలా పోయారని. గుండె అన్నాను. "అయ్యో, మంచి మనిషి" అని పెట్టేశారు. గుండె అన్నది నిజమే. మిగతా సగం నేనెవరికీ చెప్పలేదు. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని తెలిసినవాళ్ళు అడిగితే ఒప్పుకుని కూర్చున్నాను గానీ, ఆ సగం దాచి మంచి మాటలు మాత్రం రాస్తే నా మొహం నేను చూసుకోలేను. కాబట్టి రెండూ రాస్తాను.

ఆయన్ని తెలియనివాళ్ళ కోసం ముందు కొంచెం చెప్పాలి. డీజిల్ ఇంజనుకి ఏ క్షణాన ఎంత డీజిల్ చిమ్మాలో చూసేది పంపు. చెరకు గానుగలకు కట్టిన ఇంజన్లు, ట్రాక్టర్లు, లారీలు, మా అనకాపల్లి చుట్టుపక్కల అన్నిటి పంపులూ ఎప్పుడో ఒకప్పుడు ఆయన చేతుల్లోకి వచ్చినవే. వాళ్ళ నాన్న గారు తాళాలు, ట్రంకుపెట్టెలు బాగుచేసేవారట. ఈయన ఇంజన్ల వైపు వచ్చారు. నర్సీపట్నం రోడ్డులో ముందు షాపు, వెనక ఇల్లు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చాక కొత్త పని ముట్టుకునేవారు కాదు. అంతకుముందు తను చేసిన బళ్ళు ఎవరైనా తెస్తే, స్టూలు మీద కూర్చుని వాటిని వినేవారు. బానెట్ కూడా ఎత్తనిచ్చేవారు కాదు. విని, "బాగానే ఉంది, ఎల్లు" అనేవారు. లేదంటే, "సోమారం తే" అనేవారు. అంతే, ఇంకో మాట ఉండేది కాదు.

నాది ఆయన షాపుకి రెండు షాపుల అవతల కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. పాత పంపులు పోయి, అన్నీ కంప్యూటరు చెప్పినట్టు నడిచే కార్లు రావడం మొదలైన రోజుల్లో ఆయనకి పని తగ్గిపోయింది. ఓ రోజు పొద్దున్నే నా కొట్టుకి వచ్చి, ఎవరి కారులోంచో విప్పిన చిన్న అల్యూమినియం పెట్టె నా బల్ల మీద పెట్టారు.

"బాబూ, దీన్లోన పంపు ఎక్కడుందో సూపించు" అన్నారు.

నాకు తెలీదన్నాను. "నాకూ తెలీదు. ఇద్దరం కలిసి ఎతుకుదాం" అన్నారు. అప్పటికి ఆయనకి అరవై దాటాయి. ఇంగ్లీషు రాదు. నాకు ఇంజను గురించి ఓనమాలు తెలీదు. అలా కలిశాం.

టర్బో ఉన్న కారుని ఇంకా బలంగా పరిగెత్తించడం మా పని అయింది. టర్బో అంటే పెద్ద విద్యేం కాదు. పొగ బయటికి పోతూ పోతూ ఒక చిన్న ఫ్యానుని తిప్పుతుంది, ఆ ఫ్యాను ఇంజనులోకి గాలిని కుక్కుతుంది. ఎంత గాలి కుక్కితే అంత డీజిల్ పోయొచ్చు, అంత బలం. ఎంత కుక్కాలో కంప్యూటర్లో ఒక ఫైలుగా రాసి ఉంటుంది. కంపెనీవాళ్ళు కొంచెం చేతిలో ఉంచుకుని రాస్తారు. ఆ ఉంచుకున్నదాంట్లో కొంత బయటికి తీస్తాం మేము. నేను ఫైలుని తెర మీద గీతలుగా పరిచేవాణ్ణి. మేస్త్రి గారు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, వేలు తెరకి ఆనించి చూసేవారు. "ఈ గుట్ట ఇక్కడ ఇలగ లెగిసిందేటి? పక్కన పల్లం ఎందుకుంది?" అని అడిగేవారు. అక్షరం చదవకుండానే ఆ గుట్టలూ పల్లాలూ పట్టుకుని, ఇంజను ఎక్కడ రొప్పుతుందో చెప్పేసేవారు. రోడ్డు మీదకి వెళ్ళి చూస్తే సరిగ్గా అక్కడే రొప్పేది. నాకు ఒళ్ళు మండేది, ముచ్చటా వేసేది.

నేను సంఖ్యల మనిషిని. ఎంత పెరిగింది, ఎంత వేగంగా వందకి చేరింది, ఇవే నాకు కావాలి. ఆయన మాత్రం, "ఎంత పెంచేవో ఆళ్ళకి సెప్పుకో. ఎంత వొదిలేవో నాకు సెప్పు" అనేవారు. వదిలింది తక్కువైతే ఒప్పుకునేవారు కాదు. బెల్లం పాకం దించడానికి ఓ క్షణం ముందుండాలట, వెనకుంటే పెనం మాడిపోతుందట. ఆయన ఏం చెప్పినా చివరికి బెల్లం దగ్గరికే తెచ్చేవారు.

ఇంకో పద్ధతి ఉండేది ఆయనకి. ఇది నేను ఇంకెక్కడా చూడలేదు. బలం పెంచమని ఎవరొచ్చినా సరే, ఆ కారు వెనక సీట్లో ఎక్కువగా ఎవరు కూర్చుంటారో ఆ మనిషిని తీసుకురమ్మనేవారు. తీసుకురాకపోతే బండి ముట్టుకోరు. పని అయ్యాక వాళ్ళని వెనక కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని, బైపాస్ మీద తిప్పి, దిగాక అడిగేవారు. వాళ్ళు చెప్పినదాన్ని బట్టి మళ్ళీ తగ్గించడమో, ఉంచడమో.

మొదట్లో నేను నవ్వేవాణ్ణి. నక్కపల్లి నుంచి ఒక కాంట్రాక్టరు గారి అబ్బాయి వచ్చాడు, కొత్త కారు, వేళ్ళకి మూడు ఉంగరాలు. "మా నాన్నమ్మని తేవాలా? ఏటి మేస్త్రి గారూ, పెళ్ళిచూపులా ఇది?" అన్నాడు. ఈయన స్టూలు మీంచి లేవలేదు. మర్నాడు ముసలావిణ్ణి తెచ్చాడు. తిప్పుకొచ్చాక ఆవిడ దిగి, కొంగుతో మొహం తుడుచుకుని, "బాబూ, గుండె నోట్లోకొచ్చింది. మా మనవడు ముందుకెల్తన్నాడు, నాను ఎనకే ఉండిపోయినట్టుంది" అంది. మేస్త్రి గారు నా వైపు చూశారు. నేను తగ్గించాను. ఎస్. రాయవరం రైతు ఒకాయన భార్యని తెస్తే మాత్రం కథ అడ్డం తిరిగింది. ఆయన ముందు సీట్లో బిగుసుకుపోయి కూర్చున్నాడు, ఆవిడ వెనకనుంచి, "ఇంకాస్త పెంచండి బాబూ, పుట్టింటికి తొందరగా ఎల్లొచ్చు" అంది. ఆ రోజు మేస్త్రి గారు నవ్విన నవ్వుకి దగ్గు వచ్చి నీళ్ళు తాగాల్సొచ్చింది.

ఎందుకీ పద్ధతని ఒకసారి అడిగాను. చేతులు కిరోసిన్‌తో కడుక్కుంటూ, "తోలేవోడికి పట్టుకోడానికి స్టీరింగుంటాది. ఎనకాల కూకున్నోళ్ళకి ఏటుంటాది?" అన్నారు. ఇంతే చెప్పారు.

ఇక నా సంగతి. నాకూ ఒక టర్బో డీజిల్ కారుంది, పాతదే. దానికీ మేమిద్దరమే పని చేశాం. మా అమ్మని వెనక కూర్చోబెట్టారు. తిప్పుకొచ్చాక అడిగితే, "నాకేటీ అవ్వలేదు బాబూ, గాని పక్కనెట్టిన కేరేజీ జారిపోనాది" అంది. కేరేజీ జారిందని నా కారు బలం తగ్గించారు మేస్త్రి గారు. మా అమ్మ ముందే. నేను పైకి తలూపాను. లోపల మాత్రం ఉడికిపోయాను. కార్ల పిచ్చి ఉన్నవాళ్ళం కొంతమందికి ఫోనులో ఒక గ్రూపుంది. విశాఖలో ఉండే కుర్రాళ్ళు అందులో వాళ్ళ వాళ్ళ బళ్ళ సంఖ్యలు పెడుతూ ఉంటారు. ఇదే పని చేసే నేను, వాళ్ళకంటే తక్కువ సంఖ్య ఎలా పెట్టుకోను? నలభై రెండేళ్ళ మనిషిని, ఇలా ఆలోచించాను.

ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని నా కారు ఫైలు నేనే మార్చుకున్నాను. ఆయన వదలమన్నది వదల్లేదు. బ్రహ్మాండంగా పరిగెత్తింది. గ్రూపులో సంఖ్య పెడితే చప్పట్ల బొమ్మలు వచ్చాయి. అయితే మేస్త్రి గారు కారు వీధి మలుపు తిరుగుతుండగానే విని పట్టేస్తారు. అందుకని రెండు ఫైళ్ళు ఉంచుకున్నాను. కారు షాపు దగ్గరికి తేవాల్సిన రోజున ఆయన ఫైలు ఎక్కించేవాణ్ణి, తిరిగి ఇంటికెళ్ళాక నాది. ఏడాది పాటు ఇలా దొంగతనం చేశాను. ఆయనకి నా మీద అనుమానం కలగలేదనుకునేవాణ్ణి. కొన్నాళ్ళకి బద్ధకం పెరిగి, కారు నాలుగు వీధుల అవతల పెట్టి నడిచి రావడం మొదలుపెట్టాను.

ఆ రోజు పొద్దున్న పదిన్నరకి పిన్ని, అంటే మేస్త్రి గారి భార్య, నా కొట్టుకి పరిగెత్తుకుని వచ్చింది. వెళ్ళేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు, చొక్కా మొత్తం తడిసిపోయింది. ఎడం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూసుకుంటున్నారు. "ఏటో సెయ్యి నాది కానట్టుంది" అన్నారు. పక్క వీధిలో డాక్టరు గారు ఈసీజీ తీసి, ఆలస్యం చెయ్యకుండా విశాఖ తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సుకి ఫోను చేస్తే వేరే కేసు మీద ఉంది, కొంత టైము పడుతుందన్నారు. నా కారుందన్నాను. పరిగెత్తుకెళ్ళి తెచ్చాను.

ఒక మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. ఆ పరిగెత్తడంలో, ఆయన్ని వెనక సీట్లో పడుకోబెడుతున్నప్పుడు కూడా, నాలో ఓ మూల గర్వం ఉంది. నేను పెంచుకున్న బలం ఇవాళ ఆయనకే పనికొస్తుందని. గొప్పగా తీసుకెళ్ళి దింపుతానని. నాకంటే నీచుణ్ణి నేను చూడలేదు.

ఆయన తల పిన్ని ఒళ్ళో ఉంది. హైవే ఎక్కాక కాలు పూర్తిగా నొక్కేశాను. ఏసీ కూడా వేశాను, ఆయనకి చెమటలు పడుతున్నాయని. కారు దూసుకుపోయింది. లంకెలపాలెం ఇంకా రాలేదు, ఎదురుగా డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది, కారు ఒక్కసారిగా చచ్చుబడిపోయింది. టర్బో ఉండాల్సినదానికంటే ఎక్కువ గాలి కుక్కితే, ఇంజను పాడవకుండా కంప్యూటరు బలం మొత్తం తగ్గించేస్తుంది. దీన్నే మేస్త్రి గారు "బండి కూకుండిపోనాది" అనేవారు. ఎంత నొక్కినా నలభై దాటదు. ఆపి, తాళం తీసి, పది లెక్కపెట్టి మళ్ళీ స్టార్టు చేస్తే ఒక్కోసారి సర్దుకుంటుంది. పక్కకి తీసి అలాగే చేశాను. సర్దుకుంది. మళ్ళీ నొక్కాను. రెండు కిలోమీటర్లు పోయి మళ్ళీ కూర్చుండిపోయింది.

"కాలు తియ్యి బాబూ" అన్నారు వెనకనుంచి. గొంతు సన్నగా ఉంది. నాకు అర్థమైంది, పడుకుని కూడా వింటున్నారు. మళ్ళీ స్టార్టు చేశాక కాలు నొక్కకుండా మెల్లగా తోలితే, దీపం వెలగకుండా డెబ్బై, ఎనభైతోనైనా పోయేది. ఆయన చెప్పింది అదే. నేను విన్లేదు. మూడోసారి ఆపి, స్టార్టు చేసి, మళ్ళీ తొక్కాను. ఇక దీపం ఆరలేదు, బండి నలభై దాటలేదు.

అప్పుడు అడిగారు. "ఎంత పెంచేవు?"

అద్దంలో చూశాను. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి, నా తల వెనక భాగం వైపు చూస్తున్నాయి.

"నేనేం పెంచలేదు మేస్త్రి గారూ. డీజిల్లో చెత్త వచ్చినట్టుంది" అన్నాను.

డీజిల్లో చెత్త. నలభై ఏళ్ళు డీజిల్‌ని వేళ్ళ మధ్య రాసుకుని చూసిన మనిషితో అన్నాను ఆ మాట. లారీలు హారన్లు కొట్టుకుంటూ పక్కనుంచి పోతున్నాయి. చెరకు ట్రాక్టరు ఒకటి మమ్మల్ని దాటింది. ఏదైనా కారుని ఆపి ఆయన్ని అందులోకి మార్చాలన్న ఆలోచన నాకు ఎప్పుడొచ్చిందో తెలుసా? పిన్ని నా భుజం మీద చెయ్యి వేశాక. "బాబూ, ఇంక తొందర్లేదు. మెల్లిగా పోనియ్యి" అంది.

ఆసుపత్రిలో డాక్టరుని పక్కకి తీసుకెళ్ళి అడిగాను, పావుగంట ముందు తెస్తే బతికేవారా అని. ఆయన నా మొహం చూసి, "చెప్పలేం" అన్నాడు. బతికేవారు కాదని ఒక్క మాట అని ఉంటే దాన్ని పట్టుకుని వేలాడేవాణ్ణి. బతికేవారని అన్నా, నా శిక్ష ఏదో నాకు తెలిసిపోయేది. ఇప్పుడు రెండూ లేవు. రోజూ అన్నం ముందు కూర్చున్నప్పుడు, పావుగంట ఎంతసేపో గోడ గడియారంలో చూస్తున్నాను. చాలా పెద్దది.

మర్నాడు ఖననానికి ఊరు ఊరంతా వచ్చింది. అందరితో పాటు నేనూ మూడు గుప్పిళ్ళ మట్టి వేశాను. ఆయన అల్లుడు నన్ను పట్టుకుని, "మీరు లేకపోతే మామయ్యకి ఆఖరి నిమిషంలో ఎవరున్నారు అన్నా" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అందరూ నన్ను ఓదార్చారు. నాకు అంతకంటే పెద్ద అవమానం ఏ శత్రువూ చేయలేడు.

ఆయనకి నేను రుణపడ్డవి చెప్పాలంటే చాలా ఉన్నాయి. వినడం నేర్పారు. తెలియనిది తెలియదనడం నేర్పారు. అరవై దాటాక కొత్త విద్యకి పలకా బలపం పట్టుకుని రావడం చూపించారు. మా అమ్మకి ఒంట్లో బాగోలేనప్పుడు పిన్ని చేత రోజూ గంజి పంపించారు. ఇవన్నీ రాస్తున్నాను గానీ, ప్రతి వాక్యం చివరా నా గొంతే వినిపిస్తోంది, నేనేం పెంచలేదని.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయింది. షాపు ఖాళీ చెయ్యాలన్నారు. పంపుని బిగించి తిప్పి పరీక్షించే బల్ల ఒకటుంది, ఇనుముది, నాలుగు బోల్టులతో నేలకి బిగించి ఉంటుంది. తుని నుంచి ఎవరో కొనుక్కున్నారు, వ్యాను వస్తుందన్నారు. విప్పి పెడతానని నేనే వెళ్ళాను. స్పానర్ తీసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. పిన్ని గుమ్మంలో నుంచుంది. మూడు నట్లు తీశాను.

నాలుగోదానికి స్పానర్ పెట్టి, ఆవిడ వైపు చూడకుండానే చెప్పేశాను. ఏడాది నుంచి రెండు ఫైళ్ళు పెట్టుకున్నానని, ఆ రోజు కారులో ఉన్నది నాదని, ఆయన అడిగితే అబద్ధం చెప్పానని. తిడుతుందేమో, కొడుతుందేమో, పొమ్మంటుందేమో. ఏదైనా సరే అనుకున్నాను. క్షమిస్తుందన్న ఆశ కూడా ఉండే ఉంటుంది, లేదని బుకాయించను.

"నాకు తెలుసు బాబూ" అంది. "ఆయనకీ తెలుసు. నీ బండి నాలుగు ఈదులవతల ఎట్టేసి నువ్వు నడిసొచ్చినప్పుడల్లా నవ్వీవోరు. ఆడే సెప్తాడు, సూడు, అనీవోరు."

నేను స్పానర్ తిప్పుతూనే ఉన్నాను. ఆవిడ గొంతు కోపంగా లేదు. కోపం ఉంటే బాగుండేది.

"ఎవరినైనా సరే, ఆయన ఒక మాట రెండుసార్లు అడిగీవోరు. మొదటిసారి బయపడి అబద్దం సెప్తారు, రెండోసారి సెప్పనియ్యాలి, అనీవోరు. ఆ రోజు నువ్వలగన్నాక, మళ్ళీ అడుగుతారని సూసేను. నోటి కాడ సెవి ఎట్టేను." కొంగు వేలికి చుట్టుకుంది. "నిన్ను మళ్ళీ అడగలేదు బాబూ."

లోపలికి వెళ్ళిపోయింది. నాలుగో నట్టుకి మర అరిగిపోయింది. పైకి రాదు, బిగుసుకోదు, ఎంత తిప్పితే అంత తిరుగుతుంది. వీధిలో వ్యాను హారను కొట్టింది. తెలిసి కూడా దాన్ని తిప్పుతూనే కూర్చున్నాను.